పందొమ్మిది గోళ్ల చాచా

కొడకండ్ల పక్క ఊళ్లో ఒక కొత్త ఇంటి ఆవరణలో మూడు రోజుల్లో పోయినవి ముందుగా రాస్తాను. నల్లకోళ్లు రెండు. బూడిద గుమ్మడికాయలు ఐదు. నిమ్మకాయలు నలభై రెండు. కుక్క ఎత్తుకుపోయినదాన్ని కూడా కలిపితే నలభై మూడు. గడ్డపార దెబ్బకు పగిలిన బోరు పైపు, పది అడుగులు. వేళ్లతో సహా లేచిన మల్లెచెట్టు ఒకటి. అన్నదమ్ముల మధ్య మాటలు, మొత్తం. మనిషి గోళ్లు, రెండు వందల తొమ్మిది.

మిగతావన్నీ ఇంటివాళ్లు పోగొట్టుకున్నవి. గోళ్లు మాత్రం మా పాలిష్ చాచావి. మొన్న బక్రీదు వెళ్లిన వారానికి ఆయన పోయాడు. జనగామ వెళ్లి వచ్చిన దగ్గర్నుంచి ఈ లెక్క నా తలలో తిరుగుతూనే ఉంది. రాసి పెడితే ఆగుతుందేమోనని రాస్తున్నాను.

నేను చదివింది ఏడో తరగతి. చదరపు అడుగుల లెక్క సొంతంగా నేర్చుకున్నాను. కొత్త ఇళ్లలో తలుపులు, కిటికీలు, అల్మారాలు కొలిచి, ఎంత సరుకు కావాలో, ఎన్ని రోజులు పడుతుందో చెప్పడం నా పని. వాటికి లక్క పాలిష్ పట్టడం చాచా పని. జనగామ నుంచి మహబూబాబాద్, భూపాలపల్లి దాకా పద్దెనిమిదేళ్లు కలిసి తిరిగాం. పనివాళ్లందరికీ ఆయన చాచాయే. పేరు రాయను, రాసినా పిలిచేవాళ్లు తక్కువ.

పాలిష్ అంటే చెక్కకు నీళ్లు తగలకుండా పొర ఎక్కించడం. నమాజుకు ముందు చేసే వుజూ అంటే ఒంటికి నీళ్లు తగిలించడం. తోలుకూ నీళ్లకూ మధ్య ఏ పొరా ఉండకూడదు. చాచా చేతులు పొద్దున్నుంచి లక్కలో ఉండేవి. మధ్యాహ్నానికి వేళ్లు కొత్త డ్రాయరు పిడుల్లా మెరిసేవి. అందువల్ల ఆయన రోజంతా చేసే పనులు రెండే: చెక్కకు పొర ఎక్కించడం, చేతుల నుంచి పొర దించడం. స్పిరిట్ గుడ్డతో ఒకసారి తుడిచేవాడు. బాగా అరిగిన సాండ్‌పేపర్‌తో వేళ్ల సందులు రుద్దేవాడు. తరువాత సబ్బు. ఆ తరువాతే చెంబు ముట్టుకునేవాడు.

చేరిన కొత్తలో నేను గడియారం పెట్టి చూశాను. పొర దించడానికి తొమ్మిది నిమిషాలు, వుజూకూ నమాజుకూ కలిపి పదకొండు. పని వేళల్లో పడేవి రెండు నమాజులు.

"చాచా, దినాం నలభై నిమిషాలు పోతున్నయి. నెలకు రెండు తలుపులు" అన్నాను.

"నువ్వు దినాం ఎన్ని చాయ్‌లు తాగుతవ్?"

"ఏడు."

"ఒక్కోదానికి ఎంతసేపు?"

"పది నిమిషాలు."

ఆయన బ్రష్ ఆపకుండానే అన్నాడు. "డెబ్బై. నెలకు మూడున్నర తలుపులు నువ్వే తాగుతున్నవ్ బేటా. నేను రెండే కడుక్కుంటున్న."

లెక్క సరిగ్గానే ఉంది. మళ్లీ గడియారం పెట్టలేదు.

వుజూ మాత్రం చూసేవాణ్ని. చేతులు మూడుసార్లు, నోరు మూడుసార్లు, ముక్కు మూడుసార్లు, ముఖం మూడుసార్లు, మోచేతుల దాకా మూడుసార్లు, పాదాలు మూడుసార్లు. తలకు మాత్రం తడిచెయ్యి ఒక్కసారి. అన్నిటికీ కలిపి ఒక్క చెంబు. చివర్లో కొంచెం మిగిలేది కూడా. తలకు ఒక్కసారే ఎందుకని అడిగితే, "తలకు లక్క అంటదు గద" అన్నాడు. అది శాస్త్రం కాదని, ఆయన సొంత వేళాకోళమని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. ఈలోగా నలుగురికి చెప్పాను.

మీసం కత్తిరించే రోజు కూడా ఆయన క్యాలెండర్ చూసి తెలుసుకునేవాడు కాదు. చాయ్ తాగేటప్పుడు మీసం తడిస్తే, ఆ సాయంత్రమే కత్తెర పడేది. అత్తరు దూదిని చెవి మడతలో పెట్టుకునేవాడు. ఒకసారి గూడూరు దగ్గర ఒక ఇంటి కుర్రాడు సరదాగా తన సెంటు సీసా తెచ్చి చాచా చొక్కా మీద కొట్టబోయాడు. చాచా రెండడుగులు వెనక్కి గెంతాడు.

"ఛీ ఛీ, దూరం పెట్టు. దాంట్ల స్పిరిట్ ఉంటది."

ఆ మాట అన్నప్పుడు ఆయన ఎడమచేతిలో ఐదు లీటర్ల స్పిరిట్ డబ్బా ఉంది. కుడిచేయి మోచేతి దాకా స్పిరిట్‌లో తడిసి ఉంది. కుర్రాడు డబ్బా వైపు చూశాడు, సీసా వైపు చూశాడు.

"గది పని" అన్నాడు చాచా, "గిది సోకు."

ఇక గోళ్లు. గోళ్లు తీసుకోకుండా నలభై రోజులు దాటించకూడదని వాళ్లలో నియమం. "నలభై అంటే పాస్ మార్కులు" అనేవాడు చాచా. ఆయన ప్రతి శుక్రవారం జుమ్మా నమాజుకు ముందు తీసుకునేవాడు. చిన్న కత్తెరతో కుడిచేతి చూపుడు వేలు దగ్గర మొదలుపెట్టి చిటికెన వేలు దాకా, తరువాత ఎడమచేతి చిటికెన వేలు నుంచి బొటనవేలు దాకా, ఆఖరున కుడి బొటనవేలు. కాళ్లకు కుడి చివర నుంచి ఎడమ చివరకు. ఒక్కో గోరు నెలవంకలా ఒక్క ముక్కగా రావాలి. ఎప్పుడో ఒక బీరువా తలుపు కాలి మీద పడి, ఎడమకాలి చిటికెన వేలికి గోరు పోయింది, మళ్లీ రాలేదు. అందుకని మొత్తం పందొమ్మిది.

తీసిన గోళ్లను మట్టిలో పాతిపెట్టాలి. ఒంటి నుంచి వచ్చినదాన్ని కాళ్ల కింద పడేయకూడదు. ఆయనకు దగ్గరి చూపు తక్కువ కాబట్టి లెక్కపెట్టే పని నాది.

"గిన్ బేటా."

"పందొమ్మిది."

"షుక్రియా."

పాత పేపర్లో చుట్టేవాడు కాదు. తనకు చదవరాదు, ఏ అక్షరంలో ఎవరి దేవుడి పేరు ఉంటుందో తెలియదు, తప్పు జరుగుతుందని భయం. అరిగిపోయిన సాండ్‌పేపర్ ముక్కలో చుట్టేవాడు. పద్దెనిమిదేళ్లలో ఎన్ని ఇళ్లలో ఎన్ని పొట్లాలు పాతాడో నా దగ్గర లెక్క ఉంది, కానీ ఇళ్లవాళ్లు కంగారు పడతారని ఇక్కడ రాయడం లేదు.

కొడకండ్ల పక్క ఊళ్లో ఆ ఇల్లు ఒక పటేల్‌ది. సర్పంచికి నిలబడాలని కట్టిన ఇల్లు; మనుషులు వస్తే కూర్చోవడానికి వరండానే నాలుగు వందల చదరపు అడుగులు. ప్రహరీ అవతల తమ్ముడి ఇల్లు. తమ్ముడూ సర్పంచికే నిలబడతాడని ఊళ్లో మాట. మేం అక్కడ పన్నెండు శుక్రవారాలు పనిచేశాం. అందులో ఒక శుక్రవారం చాచా భూపాలపల్లిలో ఉన్నాడు. మనవడికి ఏడో రోజున తల గొరిగి, ఆ వెంట్రుకల ఎత్తు వెండి దానం చేయాలని వెళ్లాడు. కాబట్టి ఆ ఇంట్లో పాతిన పొట్లాలు పదకొండు.

వాటికి ఆయన చోటు చాలా ఆలోచించి వెతికాడు. పనివాళ్లు ఉచ్చ పోయని జాగ, చెప్పులు తిరగని జాగ, సిమెంటు నీళ్లు పారని జాగ. ఆవరణ మొత్తంలో అలాంటి శుభ్రమైన మూల ఒక్కటే దొరికింది. ఆఖరి కోటు ముందు పాలిష్ ఆరాలి కదా, మేం నాలుగు రోజులు రఘునాథపల్లిలో వేరే పనికి వెళ్లాం. ఈలోగా వాస్తు చూసే ఆయన వచ్చి, తులసి గద్దె కట్టడానికి ఆవరణలో పవిత్రమైన చోటు ఎక్కడని వెతికాడు. ఆయనకూ అదే మూల దొరికింది.

నాలుగో రోజు మేం బండి దిగేసరికి ఆవరణలో పందొమ్మిది గుంతలున్నాయి. మల్లెచెట్టు పడిపోయి ఉంది. పైపు నుంచి నీళ్లు కారుతున్నాయి. వరండాలో ఒక చాట, చాటలో పసుపు, కుంకుమ, వాటి మధ్య విప్పిన పదకొండు సాండ్‌పేపర్ ముక్కలు. పక్కన గూడూరు అవతల నుంచి పిలిపించిన మంత్రగాడు. అరుగు కింద ఇరవై మంది దాకా మగవాళ్లు, ఆరేడుగురి చేతుల్లో కర్రలు.

చాచా చాట వైపు చూసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "యా అల్లా. ఎండల పెట్టిండ్రు."

నేను ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "చాచా, నీకు దండం పెడుత. నోరు తెరువకు."

మంత్రగాడు వివరంగా చెబుతున్నాడు. "మామూలు చేతబడి కాదు పటేలా. ఎనకకు మర్రేసి సూడు, అంకెలున్నయి. ముందటి పొట్లాల మీద ఎనభై. అటెన్క నూట ఇరవై. అటెన్క రెండొందల ఇరవై. ఆఖరు వాటి మీద నాలుగొందలు. వారం వారం శక్తి పెంచుకుంట పోయిండు. మొత్తం ఇరవై ఒక్క పొట్లం ఉండాలె. పది ఇంక దొరకలె."

"మల్లెచెట్టు కింద సూసిండ్రా?" అని పటేల్ అరిచాడు.

"చెట్టే లేదు పటేలా ఇప్పుడు."

"అయితే ఇగ తవ్వుడు బంద్. ఎవడు చేసిండో నాకెరుకే. గోడవతల్నే ఉన్నడు. నా తోడబుట్టినోడే నా గద్దె కింద గోర్లు పెట్టిండు. పాండ్రి, ఇయ్యాల తేలిపోవాలె."

కర్రలవాళ్లు లేచారు. నేను పట్టు ఇంకా బిగించాను. ఒక్క అయిదు నిమిషాలు మేం ఊరుకుంటే చాలు, గొడవ గోడ అవతలికి పోతుంది, మా పేరే రాదు. ఈ లెక్క నేను వేస్తుండగానే చాచా చెయ్యి విడిపించుకున్నాడు. లక్క అంటిన చెయ్యి కాబట్టి జారింది.

"పటేలా, గవి నావి."

అందరూ ఆగారు.

"ఏందివి?"

"గోర్లు. నీ తమ్మునియి కావు, నావి. జర నాకియ్యి. మల్ల పాతిపెట్టుకుంట."

అంతకంటే చెడ్డ జవాబు ఆ చోట ఎవరూ చెప్పి ఉండరు.

"మల్ల పాతిపెడుతడట రా!" అని వెనక నుంచి ఎవరో కేకేశారు. ఒక కర్ర పైకి లేచింది. చాచా కర్రను చూడటం లేదు, చాట వైపే చూస్తున్నాడు. గాలికి ఒక పొట్లం అంచు లేస్తోంది. "ఎగిరిపోతయి. మీద ఏమన్న కప్పుండ్రి" అంటున్నాడు.

నేను మధ్యలోకి వెళ్లాను. ధైర్యం కాదు, లెక్క నా వైపు ఉందన్న నమ్మకం. సంచిలోంచి కొత్త సాండ్‌పేపర్ కట్ట తీసి వెనక్కి తిప్పి చూపించాను.

"పటేలా, గీ అంకెలు సూడు. ఎనభై, నూట ఇరవై, రెండొందల ఇరవై, నాలుగొందలు. మొదట గరుకుది వాడుతం, ఆఖర్న మెత్తది. పెరిగింది శక్తి కాదు, నున్నదనం. నీ తలుపులు తడిమి సూసుకో."

పటేల్ నిజంగానే వెళ్లి ప్రధాన ద్వారాన్ని అరచేత్తో నిమిరి వచ్చాడు. ముఖంలో కొంచెం మార్పు వచ్చింది.

"ఇగ గోర్లు. చాచాకు ఒక గోరు లేదు. ఒక్కో పొట్లంల పందొమ్మిది ఉంటయి. ఒక్కటి తక్కువున్నా, ఒక్కటి ఎక్కువున్నా ముందుగాల నన్నే కొట్టుండ్రి."

మొదటి పొట్లం అందరి ముందూ లెక్కపెట్టాను. పద్దెనిమిది.

మళ్లీ లెక్కపెట్టాను. పద్దెనిమిదే. కర్ర పట్టుకున్నవాడు నా వైపు తిరిగాడు. రెండో పొట్లం పద్దెనిమిది. మూడోది పద్దెనిమిది. నా చెమట ఒక చుక్క నాలుగో పొట్లంలో పడింది. ప్రతి శుక్రవారం నా నోటితో పందొమ్మిది అన్నవాణ్ని నేను. పదకొండుసార్లు ఒకే తప్పు చేశానా? పదకొండు పొట్లాలూ పూర్తిచేశాను. అన్నిట్లోనూ పద్దెనిమిదే. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది. తప్పయితే ఒకచోట ఒకలా ఉంటుంది. పదకొండు చోట్ల ఒకేలా ఉంటే అది తప్పు కాదు, ఎవరో తీశారు.

"పొట్లానికి ఒక్కటి ఎవరో తీసిండ్రు" అన్నాను. "మొత్తం పదకొండు. ఎవరు తీసిండ్రు?"

చాచా చాట మీదికి వంగి, ఒక్కో పొట్లాన్ని వేలితో తడిమి చూశాడు. "కుడికాలు బొటనవేలుది. దొడ్డుది. అన్నిట్లకెల్లి గదే పోయింది."

మంత్రగాడు గొంతు సవరించుకున్నాడు. మూడు రోజుల్లో మొదటిసారి ఆయన గొంతు చిన్నదైంది. "తాయెత్తుల పెట్టిన. విరుగుడుకు గవే గావాలె."

"ఏ తాయెత్తు?"

అందరూ పటేల్ కుడిభుజం వైపు చూశారు. నల్లదారంతో రాగి తాయెత్తు, బొటనవేలంత మందాన. చాచా గోళ్ల నుంచి కాపాడటానికి చాచా గోళ్లే కట్టి ఉన్నాయి.

అప్పటిదాకా గడపలో కూర్చుని ఉన్న పటేల్ తల్లి, డెబ్బై దాటిన అవ్వ, లేచి వచ్చింది. చాచాను అరుగు మీద కూర్చోబెట్టి, ఎడమకాలు పట్టి చూసింది.

"నిజమే రా. చిటికెన వేలుకు గోరే లేదు." ఆ తరువాత ఆయన ముఖంలోకి చూసింది. "అయినా సాయెబూ, నీ గోర్లు నా కొడుకు ఇంట్ల ఎందుకు పాతినవ్?"

"మంత్రగాళ్ల చేతుల పడొద్దని పెద్దలు చెప్పిండ్రు అవ్వా. అందుకే పాతిపెడుతం."

అవ్వ మంత్రగాడి వైపు చూసింది. ఆమె తరువాత ఒకరొకరుగా అందరూ చూశారు. ఎవరో ఒకడు నవ్వాడు, ఆ తరువాత ఎవరూ ఆపుకోలేకపోయారు. మంత్రగాడు మూడో కోడిని వదిలేసి భోజనానికి ముందే బస్సెక్కాడు. దానివల్ల పోయిన కోళ్లు రెండు దగ్గర ఆగాయి. గోడ అవతల తమ్ముడు ఇంతసేపూ నిచ్చెన వేసుకుని అంతా చూశాడని తరువాత తెలిసింది. "గోర్లకు భయపడెటోడు సర్పంచి అయితడట" అని అక్కడి నుంచే అన్నాడు. అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయని పైన రాసింది అందుకే.

నూట తొంభై ఎనిమిది గోళ్లు చాచా జేబురుమాల్లో కట్టుకున్నాడు. పటేల్ ముందు నిలబడి చెయ్యి చాపాడు.

"పదకొండు."

పటేల్ భుజం మీద చెయ్యి కప్పుకున్నాడు. "చాచా, నీతోని అబద్ధమెందుకు? ఇది కట్టినకాడికెల్లి నా మోకాలు నొప్పి లేదు."

"పటేలా, కోసి పారేసిన గోరు. మైల. అది పట్టుకోని నువ్వు పాయఖానకు పోతున్నవ్. నాకు మనసున పడుతలేదు."

"ఎలక్షన్లు కానీ. గెలిచినా ఓడినా ఇప్పేస్త. నా తల్లి మీద ఒట్టు."

అవ్వ లోపలి నుంచి, "నా మీద ఎందుకు రా ఒట్టు?" అంది.

ఎలక్షన్లు వచ్చాయి. పటేల్ గెలిచాడు. చాచా మర్నాడే జనగామలో బస్సెక్కి వెళ్లాడు, నేనూ వెళ్లాను. మెడలో దండలతో పటేల్ మమ్మల్ని ప్రేమగా కూర్చోబెట్టి, మిఠాయి పెట్టి, తాయెత్తు మాత్రం విప్పలేదు. "గెలిపించింది గిదే చాచా. ఎట్ల ఇప్పమంటవ్ చెప్పు?" అని చాచానే అడిగాడు. ఆ తరువాత రంజాను ముందు ఒకసారి, పండుగ తరువాత ఒకసారి, పటేల్ మోకాలి ఆపరేషన్ అయినప్పుడు దవాఖానలో ఒకసారి వెళ్లాం. ఆపరేషన్ అయిందంటే నొప్పి తగ్గలేదనే కదా అని చాచా వాదించాడు. నొప్పి తగ్గకపోయినా ఆపరేషన్ మంచిగా అయింది కదా అని పటేల్ అన్నాడు.

మసీదులో ఇమాము సాబ్‌ను కూడా అడిగాడు. గోళ్లు పాతిపెట్టడం మంచి మర్యాదే గానీ తప్పనిసరి విధి కాదని, మనసు కష్టపెట్టుకోవద్దని ఆయన చెప్పారట. చాచాకు ఆ జవాబు సరిపోలేదు. "విధి బాకీ ఉంటే అల్లా మాఫ్ చేస్తడు. మర్యాద బాకీ ఉంటే ఎవరు చేస్తరు బేటా?" అని నన్ను అడిగాడు. ఇది లెక్కలకు అందే ప్రశ్న కాదు.

ఆ నూట తొంభై ఎనిమిదిని జనగామ కబరస్తాన్ గోడ పక్కన పాతాడు. నేను మళ్లీ లెక్కపెట్టి ఇచ్చాను. గుంత పూడ్చేటప్పుడు పైన జానెడు ఖాళీ వదిలి, దాని మీద ఇటుక పెట్టాడు.

"గిదెందుకు చాచా?"

"మిగిలినయి రావాలె గద."

బుధవారం పొద్దున ఆయన పోయాడు. మంగళవారం సాయంత్రం దాకా ఒక అల్మారా పని చేశాడు, చేతుల పొర దించుకోకముందే స్పృహ తప్పింది. నేను వెళ్లేసరికి స్నానం చేయించడానికి పరదా కట్టారు. కొడుకు బయటికి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, బాబా చేతులకు లక్క ఉంది. నీళ్లు నిలుస్తలేవు, జారిపోతున్నయి. గట్టిగ రుద్దాలంటే చేతులు వస్తలేవు." ఆయన రుద్దే విధం ఎవరికీ తెలియదు, నాకు తప్ప. దుకాణం నుంచి స్పిరిట్, మెత్తటి గుడ్డ తెచ్చాను. పరదా బయట నిలబడి చెప్పాను: ముందు గోరువెచ్చని నీళ్లు, తరువాత స్పిరిట్ గుడ్డ, వేళ్ల సందులు చివరికి, సాండ్‌పేపర్ వద్దు. లోపల వాళ్లు ఒక్కొక్కటీ చేస్తూ "అయింది" అంటున్నారు. తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ తరువాత నీళ్లు పోసిన చప్పుడు మారింది.

చనిపోయినవాళ్లకు గోళ్లు తీయరట. శుక్రవారానికి ఇంకా రెండు రోజులుంది. ఐదు రోజులు పెరిగిన పందొమ్మిది గోళ్లతో ఆయన వెళ్లాడు.

మట్టి వేయడానికి పటేల్ వచ్చాడు. కర్ర ఊతంతో నడుస్తూ మూడు గుప్పిళ్లు వేసి, కళ్లు తుడుచుకున్నాడు. "అసుంటి మనిషి మల్ల రాడు" అన్నాడు. నిజంగానే ఏడ్చాడు. జనం కదిలాక నేను ఆయన్ని గోడ పక్కకు తీసుకెళ్లి ఇటుక చూపించాను. సంగతంతా చెప్పాను. పటేల్ ఇటుక వైపు చూశాడు. ఎడమచెయ్యి కుడిభుజం దాకా వెళ్లింది, దారం ముడి దగ్గర వేళ్లు ఆగాయి. నేను దోసిలి పట్టాను.

"మల్ల ఎలక్షన్లు దగ్గరికొచ్చినయి తమ్మీ" అన్నాడు పటేల్. చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. "గివి కానీ."

ఇటుక తీసి చూశాను. జానెడు ఖాళీ అలాగే ఉంది. మళ్లీ పెట్టేశాను.

మొత్తం రెండు వందల తొమ్మిది. చేరినవి నూట తొంభై ఎనిమిది. రావలసినవి పదకొండు.